ఒక్క చేత్తో తెరుచుకునే మూత

కొట్లో అమ్మాయి ఆరు ల్యాప్‌టాప్‌లు బల్ల మీద వరసగా పెట్టి, ఆరింటి మూతలూ తనే తెరిచేసింది. మర్యాదకే తెరిచింది, తప్పుపట్టలేను. కానీ నేను ఇంతదూరం వచ్చింది ఆ మూతల కోసమే. మూత నేనే తెరవాలి, ఒక్క చేత్తో, అదీ ఎడమ చేత్తో. మూతతోపాటు కింది భాగం పైకి లేవకూడదు, జారి ఒళ్ళో పడకూడదు. ఇదంతా చెప్పాలంటే బోలెడు మాటలు కావాలి, నాకు ప్రస్తుతం ఒక విడతకు రెండో మూడో వస్తాయి. అవైనా ఆ అమ్మాయి నా వైపు చూస్తే కదా. ఆమె మా ఆయనతో మాట్లాడుతోంది. "సార్, మేడమ్‌కి కళ్ళకి శ్రమ లేకుండా ఉండాలంటే ఈ పెద్ద స్క్రీన్‌ది తీసుకోండి" అంటోంది. నా కళ్ళకేమైంది? భేషుగ్గా ఉన్నాయి. ఆమె జేబులోని పెన్ను కారి నీలం మచ్చ పడుతున్న సంగతి ఆమెకింకా తెలీదు, నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. నా గురించి నా పక్కనున్నవాళ్ళని అడుగుతారు. ఆవిడ టీ తాగుతుందా, ఆవిడకి ఫ్యాను గాలి పడుతుందా, మనం అనేది ఆవిడకి అర్థమవుతుందా అని, నేను అక్కడే కూర్చుని ఉండగా. డాక్టరు ఒక్కడే మొదటి వారంలో నా ముఖంలోకి చూసి చెప్పాడు, మాటలన్నీ లోపల భద్రంగా ఉన్నాయమ్మా, వాటిని బయటికి మోసుకొచ్చే నాలుకా పెదవులే మొరాయిస్తున్నాయి, కాస్త టైమివ్వండి అని. భద్రంగానా? లోపల సంతలా ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళ వాగుడుకాయని, రోజుకి ఆరు గంటలు పాఠం చెప్పి, బస్సులో పక్క సీటావిడతో కబుర్లు చెప్పి, ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఆ మాటలన్నీ ఇప్పుడు దారి దొరక్క లోపలే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

మా ఆయన పెద్ద స్క్రీన్‌దాన్ని ముందుకి వెనక్కి తిప్పి చూస్తున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాని మరలు చూస్తాడు, తర్వాత అది ఎంత బరువు మోస్తుందో ఆలోచిస్తాడు. మనుషుల విషయంలోనూ అంతే. నేను హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచి నా మీద ఎంత బరువు పడొచ్చో మనసులోనే ఒక బోర్డు రాసిపెట్టుకున్నాడు, దాన్ని దాటనివ్వడు. నేను "నీ" అంటే నీళ్ళు తెచ్చేస్తాడు, నేను అనబోయింది నీలం చీర అయినా సరే. తెచ్చిన నీళ్ళు తాగేస్తాను, పాపం పరిగెత్తుకెళ్ళి తెచ్చాడుగా. ఒక్కటి మాత్రం జబ్బు వల్ల మంచే జరిగింది. పెళ్ళయిన పదిహేనేళ్ళూ నేను ఆయన్ని రండి, తినండి, వింటున్నారా అనే పిలిచాను. ఆ 'అండి' ఎంత పొడుగైన మాటో అప్పుడు తెలియలేదు. నాలుక మొద్దుబారాక రండి కాస్తా రా అయింది, తినండి కాస్తా తిను అయింది. మొదటిసారి "రా" అన్నప్పుడు మా అత్తగారు పక్కనే ఉంది, చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మా ఆయన మాత్రం పెళ్ళినాటి మొహం పెట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఇప్పుడు అత్తగారే అంటుంది, "వాణ్ణి ఇలాగే పిలువమ్మా, పనులు చకచకా చేస్తున్నాడు" అని. అలాంటి మనిషి నిన్నంతా కూర్చుని ఇంట్లో నాకోసం బల్ల బిగించాడు. కిటికీ పక్కన, వెలుతురు ఎడమ నుంచి పడేలా, నా కుర్చీ ఎత్తుకి సరిగ్గా కొలిచి. గోడకి కొత్త ప్లగ్గు పెట్టాడు. పైన చిన్న అర, దాని మీద ఫోను ఆనించడానికి ఒక గాడి. ఆ బల్లకి ఈ పెద్ద స్క్రీన్‌ది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే ఆయన దీన్ని మనసులో పెట్టుకునే కొలిచాడు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఎండ తగలదు, బస్సు కుదుపు తగలదు, ఎవరూ తోయరు. ఎంత బాగా కుదిరిందంటే, అక్కడ ఒకసారి కూర్చున్నానంటే మళ్ళీ లేవనని నాకు భయమేసింది.

ఎందుకంటే నా బడికి బల్లల్లేవు. ఒక్కోసారి గోడలు కూడా ఉండవు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టేచోట, కూలిపనికి వచ్చినవాళ్ళ పిల్లలకి చదువు చెప్పే బడి మాది. నేనూ పెద్దటీచరూ ఇద్దరమే, సైటు తర్వాత సైటు. మొదటి అంతస్తు పైకప్పు ఆరిందంటే మేస్త్రీ ఒక గది మాకిస్తాడు, తలుపులుండవు, కిటికీల చోట చతురస్రంగా ఆకాశం ఉంటుంది. పై అంతస్తు లేచాక కింద సున్నం వేయాలంటారు, మేము పైకి మారతాము. పిల్లలు బల్లే ఇష్టపడతారు, మేము పై తరగతికి వచ్చేశాం టీచర్ అంటారు, నిజంగానే మెట్లెక్కి. నేను అక్షరాలు నేర్పిన గదుల్లో ఇప్పుడు ఎవరెవరో వంట చేసుకుంటున్నారు, టీవీ చూస్తున్నారు, నేను అచ్చులు రాసిన గోడకి వాళ్ళు పెళ్ళిఫొటో తగిలించుకుని ఉంటారు. ఆ రోజు కూడా గోడ మీదే రాస్తున్నాను. సుద్దముక్క జారింది. అప్పుడప్పుడు నిద్రపోయేవాళ్ళని లేపడానికి నేనే కావాలని సుద్ద పడేసేదాన్ని, పడేసి, అయ్యో ఎక్కడ, ఎక్కడ అని వాళ్ళ కాళ్ళ దగ్గర వెతికేదాన్ని. అందుకని అందరూ నవ్వారు. నేను వంగాను, వాళ్ళు ఇంకా నవ్వారు, నేను కింద కూర్చుండిపోయాను, కుడిచెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉంది, ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వంటే నాకు కోపం లేదు. పైగా హాస్పిటల్లో కళ్ళు మూసుకుంటే అదే వినిపించేది, ముప్పై మంది ఒకేసారి నవ్వే నవ్వు. వినిపించిన ప్రతిసారీ, ఇంకా పాఠం పూర్తి కాలేదు కదా అనుకునేదాన్ని. మొన్న పెద్దటీచరు ఫోన్ చేసి, "సోమవారం నుంచి వచ్చెయ్యవే. నీ చోటు ఎవరికీ ఇవ్వలా. గోడ మీద రాయలేకపోతే ఏదో చిన్న ల్యాప్‌టాప్ పట్రా, పెద్ద అక్షరాలు అందులో చూపించు. మాట్లాడేది పిల్లలే మాట్లాడతారులే, వాళ్ళ నోరు మూయించడమే మన కష్టం ఎప్పుడూ" అంది. నేను ఆ ఫోన్ పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. మా ఆయన చూసి, పాపం కుదరదని దిగులు పడుతోంది అనుకున్నాడు. అందుకే బల్ల బిగించాడు.

సైటులో కరెంటు వస్తుంది, పోతుంది. సిమెంటు దుమ్ము ఎక్కడపడితే అక్కడ దూరుతుంది. కిక్కిరిసిన బస్సులో వెళ్ళాలి. సంచీ భుజానికి అడ్డంగా వేసుకుంటే ఎడమచెయ్యి పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది. ఫిజియో అమ్మాయి నాలుగు నెలలుగా నాతో ఇదే సాధన చేయిస్తోంది, ఎక్కడం, పట్టుకోవడం, తిరగడం, కూర్చోవడం, సంచీలో నీళ్ళసీసాలు వేసి మరీ. రెండు సీసాల దాకా ఫరవాలేదు, మూడో సీసా వేస్తే కుడికాలు ఈడుస్తుంది. కాబట్టి నాకు కావలసింది రెండు సీసాల ల్యాప్‌టాప్. ఇదంతా నా తలలో ఇంత చక్కగా ఉంది, పాయింటు పాయింటుగా, సుద్దతో గోడ మీద రాసినట్టు. మా ఆయన ఈలోగా పెద్దదాని గ్యారంటీ గురించి అడుగుతున్నాడు. ఇంకో రెండు నిమిషాలైతే బిల్లు రాసేస్తారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని, "టీ" అన్నాను. ఆయన వెంటనే లేచాడు. ఈసారి నా మాట పూర్తిచెయ్యక్కర్లేదు, టీ అంటే టీయే. రోడ్డుకి అవతల టీ బండి ఉంది. "ముగ్గురికీ తెస్తాను. ఒక్క ఐదు నిమిషాలు, తనని చూస్తుండమ్మా" అని ఆ అమ్మాయికి నన్ను అప్పగించి వెళ్ళాడు. అద్దం తలుపు మూసుకుంది. పదిహేనేళ్ళ కాపురంలో మా ఆయన్ని బయటికి పంపి ఏదైనా కొనడం ఇదే మొదలు.

ఎడమచేత్తో ఒక్కొక్క మూతా మూసేశాను, ఆరూ. ఆ అమ్మాయి కంగారుగా చూసింది, కోపమొచ్చిందేమో అనుకున్నట్టుంది. తర్వాత మొదటిదాన్ని తెరవబోయాను. మూత ఎత్తగానే మొత్తం లేచి వచ్చింది. వదిలేస్తే ఠప్పున పడింది. రెండోదీ అంతే. మూడోదానికి వేలు పెట్టే సందే లేదు, గోరు విరిగినంత పనయింది. అప్పుడు ఆ అమ్మాయి ముఖం మారింది. అప్పటిదాకా మేడమ్‌ని చూసింది, ఇప్పుడు నా చేతిని చూసింది, ఒళ్ళో ముడుచుకుని ఉన్న కుడిచేతిని కూడా చూసింది, చూసి జాలి పడలేదు, "అయ్యో, అదా సంగతి! ముందే చెప్పొచ్చు కదా మేడమ్" అని నెత్తి కొట్టుకుంది. చెప్పొచ్చు కదా అంది. ఎనిమిది నెలల్లో నన్ను చెప్పమన్న మొదటి మనిషి. "చె... చెప్తున్నా" అన్నాను. ఇద్దరం నవ్వాము. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కకి వచ్చి కూర్చుంది, ఆ బల్ల మీదున్న మిగతా మూడూ తను కూడా ఎడమచేత్తో తెరిచి చూసింది, పెదవి విరిచి, లోపలికెళ్ళి ఒక చిన్నదాన్ని తెచ్చింది. బూడిదరంగు, అంచులకి రబ్బరు, మొహం కాస్త మొరటు. "ఇది స్కూలు పిల్లలదని మీకు చూపించలేదు. తక్కువలో వస్తుంది కానీ పెద్దవాళ్ళు ఎవరూ అడగరు. అందం తక్కువ" అంది. నేను మూత అంచుకింద బొటనవేలు పెట్టాను. కిందిది కదల్లేదు. మూత మెల్లగా లేచి, నేను ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. మళ్ళీ మూశాను, మళ్ళీ తెరిచాను. మళ్ళీ. ఆ అమ్మాయి ఏమనుకున్నా సరే అని ఇంకోసారి.

చేత్తో ఎత్తి చూశాను. నీళ్ళసీసా ఒకటీ, ఇంకో సగమూ. బ్యాటరీ అని అడగడానికి ఆ బ దగ్గరే చాలాసేపు ఆగాను, ఆమె ఆగింది. తొందరపడి బ్యాగా, బిల్లా అనలేదు, నా నోటివంక చూస్తూ కూర్చుంది. బ్యాటరీ బడి వదిలేదాకా వస్తుందిట. "దీనికి లోపల ఫ్యాను ఉండదు మేడమ్. దుమ్ము లాక్కోదు. కానీ నిజం చెప్పాలి కదా, కాస్త నెమ్మది. సినిమాలూ అవీ అంటే విసిగిస్తుంది" అంది. "నేనూ..." అన్నాను, "నె...మ్మది." "అయితే మీ ఇద్దరికీ కుదురుతుంది" అంది, ఇంత గంభీరంగా. కీబోర్డు మీద చెయ్యి పెట్టాను. పెద్దదాని మీద నా చెయ్యి సగం దారిలోనే ఆగిపోయేది, దీని మీద ఈ చివర చిటికెనవేలు, ఆ చివర బొటనవేలు, మొత్తం నా జానలోకి వచ్చేసింది. ఏదో ఒకటి రాసి చూద్దామని మేఘం అని కొట్టాను. మేగం అని పడింది. ఘ కావాలంటే షిఫ్టు నొక్కిపట్టి ఇంకో మీట కొట్టాలి, నొక్కిపట్టేదెవరు? ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆగిపోయానా అనిపించింది. ఖ లేదు, ఘ లేదు, భ లేదు, ధ లేదు. ఒత్తు పలికే అక్షరాలన్నీ గేటు అవతలే నిలబడిపోయాయి. ధ లేకుండా ధైర్యం ఎలా రాస్తారు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అదొకటి, ఈ జబ్బు తర్వాత కళ్ళు నా మాట వినవు. ఆ అమ్మాయి కాసేపు చూసి, "షిఫ్టు ఐదుసార్లు వరసగా కొట్టండి" అంది. కొట్టాను. ఏదో గడి వచ్చింది, అవును కాదు అని అడిగింది. "అవును నొక్కండి. ఇప్పుడు షిఫ్టు కొట్టి వదిలెయ్యండి. పట్టుకోవద్దు, వదిలెయ్యండి. తర్వాత అక్షరం కొట్టండి." కొట్టి వదిలేశాను. అక్షరం కొట్టాను. ఘ. నిండుగా, కొమ్ముతో సహా, స్క్రీన్ మీద కూర్చుంది. "పిల్లలు ఆటలాడుతూ పొరపాటున అది తెప్పించుకుని, తీసెయ్యమని నా దగ్గరకే వస్తారు మేడమ్. మూడేళ్ళ నుంచి తీస్తూనే ఉన్నాను. ఎవరికోసం పెట్టారో ఇవాళ తెలిసింది" అంది. నేను ఘ ఘ ఘ ఘ అని గీత నిండా కొట్టాను. ఎదురుగా ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. చూస్తూనే ఉన్నాడు ఒకాయన. అద్దం తలుపు అవతల మా ఆయన మూడు కాగితం గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకుని నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీ లేక తలుపు తోయలేక నిలబడ్డాడో, నన్నే చూస్తూ నిలబడ్డాడో, ఎంతసేపయిందో తెలీదు. ఆ అమ్మాయి వెళ్ళి తలుపు తీసింది. టీ చల్లారిపోయి ఉంది.

"ఇదా?" అన్నాడు. "ఇది చిన్నపిల్లలది కదా. మన బల్ల మీద ఇంత చిన్నది..." నేను తల అడ్డంగా ఊపాను. "బల్ల కాదు. బడి." ఆయన గ్లాసులు ఒక్కొక్కటే దించాడు, బరువైనవి దించినట్టు. ఆ అమ్మాయి తన టీ తీసుకుని అవతలికి వెళ్ళిపోయింది, తెలివైన పిల్ల. ఆయన గొంతు తగ్గించాడు. "పాఠం ఇంట్లోంచే చెప్పొచ్చు కదా. పెద్దటీచరు ఫోన్లో పిల్లలకి చూపిస్తుంది. నువ్వు ఆ బస్సుల్లో... పడితే?" "లేస్తా" అన్నాను. ఒక్క తడబాటు లేకుండా వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది, ఎనిమిది నెలల్లో ఇంత శుభ్రంగా బయటికి వచ్చిన మాట ఇంకోటి లేదు. ఆయనకీ తెలిసినట్టుంది. చల్లటి టీ మొత్తం తాగేశాడు. తర్వాత గ్లాసు నలుపుతూ, ఎవరితోనో చెప్తున్నట్టు చెప్పాడు. "ఆ రోజు హాస్పిటల్లో నిన్ను లోపలికి తీసుకెళ్ళాక నాకేం చెయ్యాలో తోచలేదు. నీ కాలికి ఒక్కటే చెప్పు ఉంది. రెండోది తెద్దామని సైటుకి వెళ్ళాను. చీకటి పడేదాకా ఇసకంతా వెతికాను. దొరకలేదు. అక్కడ కూర్చుని... సరేలే. మళ్ళీ అటు వైపు వెళ్ళలేదు నేను. అక్కడ లిఫ్టు బిగించే పని నాకే వచ్చింది, నాలుగు నెలలయింది, వేరేవాణ్ణి పంపాను." ఈ మాట ఆయన నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. నేనొక్కదాన్నే మాటలు లోపల పెట్టుకుని తిరుగుతున్నాననుకున్నాను. మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం అలాంటివాళ్ళం. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అనాలనుకున్నవి చాలా ఉన్నాయి, పొడుగైనవి, వాటిని తర్వాత టైపు చేసి ఇస్తానని అనుకున్నాను. ఇప్పటికి ఆ చెయ్యి నొక్కి, బూడిదరంగుదాన్ని ఆయన ముందుకి తోశాను. ఆయన అలవాటు చొప్పున తిరగేసి మరలు చూశాడు. మూత ఒక్క వేలితో తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "బందు బాగుంది. గట్టి బందు" అని ఆ అమ్మాయిని పిలిచాడు.

ఆటో పిలుస్తానన్నాడు, బస్సు అన్నాను. బస్సులో సంచీ నా ఒళ్ళోనే పెట్టుకున్నాను, కిటికీ పక్కన. మధ్యాహ్నం కాబట్టి ఖాళీగా ఉంది. ఎనిమిది నెలల తర్వాత చూస్తుంటే ఈ రోడ్డు మీద అన్నిటికీ కొత్త రంగులేసినట్టుంది, లేదా నేనే మరిచిపోయానేమో. ఆయన నా కుడివైపు, నేను ఒరిగితే భుజానికి తగిలేంత దగ్గరగా, కానీ పట్టుకోకుండా కూర్చున్నాడు. ఎంత కష్టపడి పట్టుకోకుండా ఉన్నాడో తెలుస్తూనే ఉంది. సోమవారం ఈ బస్సే, ఈ టైముకి కాదు, పొద్దున్నే జనం ఉంటారు, ముందు తలుపు నుంచి ఎక్కాలి, కండక్టర్ని ఆపమని చెప్పాలి, ఆగండి అనలేను, ఆగు అంటాను, ఏమనుకుంటే అనుకోనీ. అలా అనుకుంటూ ఉండగానే సైటు కనిపించింది. మూడు అంతస్తుల దగ్గర వదిలేసి వెళ్ళినది తొమ్మిది అంతస్తులైంది. సోమవారం దాకా ఎందుకనిపించింది. చెయ్యి చాచి గంట నొక్కాను. "మన స్టాపు ఇంకా రాలేదు" అన్నాడాయన. "నా... స్టాపు" అన్నాను.

దిగాము. మట్టి, తడి సిమెంటు వాసన, ఎక్కడో ఇనుము కోస్తున్న చప్పుడు. మేస్త్రీ నన్ను చూసి నోరు తెరిచాడు, మూశాడు, వేలు పైకి చూపించి "రెండో అంతస్తులో ఉన్నారమ్మా" అన్నాడు, నాతోనే అన్నాడు. మెట్లకి ఇంకా కమ్మీ పెట్టలేదు, ఒక ఇనుప గొట్టం అడ్డంగా కట్టారు. మా ఆయన మెట్ల మొదట్లో ఆగి లిఫ్టు గొయ్యి వంక చూశాడు, అందులో వైర్లు వేలాడుతున్నాయి, పెట్టె ఇంకా రాలేదు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. నేను సంచీ తల మీంచి తీసి ఆయనకిచ్చాను. మెట్ల మీద సంచీ ఊగితే కాలికి అడ్డం పడుతుంది, పైగా ఆయనకి ఏదో ఒకటి మోయడానికి ఉండాలి. రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. ముందు మంచికాలు, తర్వాత రెండోది, ఫిజియో అమ్మాయి లెక్క. ఒకటి. మళ్ళీ ఒకటి. మొదటి మలుపు దగ్గర ఆయాసం వచ్చి గోడకి ఆనుకున్నాను. పైనుంచి పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి, అందరూ ఒకే రాగంలో పదమూడో ఎక్కం చదువుతున్నారు, పదమూడార్లు డెబ్బై ఎనిమిది, పదమూడేళ్ళు తొంభై మూడు. ఏమిటీ? మళ్ళీ విన్నాను. పెద్దటీచరు ఎక్కడికో వెళ్ళినట్టుంది, తొంభై మూడు, తొంభై మూడు అని ధీమాగా తప్పు చదువుతున్నారు. మా ఆయన నా వంక చూశాడు, ఆయన పెదవులు కదలబోయి ఆగిపోయాయి. నేను గొట్టం గట్టిగా పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, తలెత్తి అరిచాను.

"ఒకటి! తొంభై... ఒకటి!"

పైన ఎక్కం టక్కున ఆగిపోయింది. తర్వాత ముప్పై మంది ఒక్కసారి లేచిన చప్పుడు, చెప్పుల్లేని కాళ్ళు మెట్ల వైపు పరిగెత్తుకొస్తున్న చప్పుడు. నేను రెండో వరస మొదటి మెట్టు మీద మంచికాలు పెట్టాను.